మట్టి కప్పుకొన్న గులాబీలు

మన కోస్తా జిల్లాల్లో గులాబీకి చలికాలమే పండుగ కాలం. అక్టోబరులో కొమ్మలు కత్తిరించి, మొదలు చుట్టూ మట్టి గుల్ల చేసి, పశువుల ఎరువు వేస్తే నెలన్నర, రెండు నెలలకు పూలు విరగబూస్తాయి. క్రిస్మస్ ఆరాధనకు బల్లమీద ఉంచే గులాబీలను ఏటా మా పెరటి నుండే కోసుకు వెళ్ళేది నా భార్య. అదే అక్టోబరులో, గులాబీ బ్రతకాలని దానిని మట్టిలో పూడ్చిపెట్టే ఊరు ఒకటున్నదని 2018లో తెలుసుకున్నాను. అది అమెరికాలోని మిన్నియాపొలిస్.

మా అమ్మాయి కాపురం అక్కడే. ఆ సంవత్సరం మే నెలలో మేమిద్దరం వెళ్ళినప్పుడు నా భార్య వారి పెరట్లో రెండు గులాబీ మొక్కలు నాటింది. పసుపు రేకులకు గులాబిరంగు అంచులుండే ‘పీస్’ ఒకటి. రెండవ ప్రపంచ యుద్ధం ముగుస్తున్న 1945లో ఆ పేరు పెట్టారట. ‘సమాధానం’ అనే పేరున్న పూవును విడిచిపెట్టలేనని ఏరి తెచ్చుకుంది. రెండవది మంచి వాసన గల ఎర్రని ‘మిస్టర్ లింకన్’. జూలైలో తిరిగి వచ్చాము. ఆగస్టులో ఆమె ప్రభువునందు నిద్రించింది. భూస్థాపనకు వచ్చిన అమ్మాయి నన్ను ఒంటరిగా వదలలేక సెప్టెంబరులో తన వెంట తీసుకువెళ్ళింది.

మిన్నెసోటా రాష్ట్రానికి ఉత్తరాన ఉన్నది కెనడా. పదివేల సరస్సుల నాడు అని దానికి పేరు. మిన్నియాపొలిస్ నగరం నడుమనే ఎన్నో సరస్సులు. వాటిలో హారియట్ సరస్సు దగ్గర లిండేల్ పార్కు గులాబీ తోట ఉన్నది. నగర ఉద్యానవనాల అధికారి థియొడోర్ విర్త్ 1907-08లో దానిని వేయించాడు. ఒక సాయంత్రం ఆ తోటలో నడుస్తూ, సరస్సులే గడ్డకట్టే ఈ చోట నూరేళ్ళకు పైగా గులాబీలు ఎలా నిలిచాయా అని ఆశ్చర్యపోయాను.

జవాబు పక్కింటి పెద్దావిడ చెప్పింది. లూథరన్ సంఘంలో పెరిగిన మనిషి, గులాబీలంటే ప్రాణం. “ఆగస్టు సగం నుండి ఎరువు ఆపారా? కత్తిరించడం మానారా?” అని మొదట అడిగింది. చలికి ముందు లేత చిగుళ్ళు వస్తే అవి నిలవవు. వాడిన పూలను తుంచకుండా కాయ కట్టనిస్తే, ఇక నిద్రపోయే వేళ అయిందని మొక్క గ్రహిస్తుందట.

ఈ గులాబీలను మొండి రకం గులాబీ వేళ్ళమీద అంటు కడతారు. వేళ్ళు చలికి ఓర్చుకున్నా అంటు కట్టిన చోటు, కొమ్మలు ఓర్చుకోలేవు. ఒకరోజు గడ్డకట్టి ఒకరోజు కరిగే వాతావరణం మరీ ప్రమాదం. అందుకే అక్కడి గులాబీ ప్రియులు ‘మిన్నెసోటా టిప్’ అనే పద్ధతి కనిపెట్టారు. టిప్ అంటే పక్కకు ఒరిగించడం. కొమ్మలన్నిటినీ నైలాను తాడుతో కట్టగట్టాలి. మొక్క ఎత్తుకు సరిపడా పొడవున ఒకవైపు కందకం తవ్వాలి. వేళ్ళ చుట్టూ మట్టి వదులు చేసి, కొమ్మలను కాక వేళ్ళ దగ్గరనే వంచుతూ మొక్కను కందకంలో పడుకోబెట్టాలి. పైన మట్టి కప్పి, నేల చల్లబడ్డాక అడుగున్నర మందాన ఎండుటాకులు పరచాలి. ఆపైన కురిసే మంచు కూడా దుప్పటే అవుతుంది.

ఈ శ్రమ అక్కరలేని రకాలూ ఉన్నాయి. కెనడా ప్రభుత్వ పరిశోధకులు పెంచిన ‘విలియం బాఫిన్’ వంటివి నిలబడే చలికాలం గడుపుతాయి. “వచ్చే ఏడు అవి వేసుకోండి. వీటిని మాత్రం పడుకోబెట్టవలసిందే” అన్నది ఆవిడ.

అక్టోబరు మూడవ వారంలో ఆ పనికి దిగాము. లింకన్‌ను ఆవిడ, మా అమ్మాయి మెల్లగా ఒరిగించారు. పీస్ నా వంతు. రెండు నెలల క్రితమే ఒక గుంట అంచున నిలబడి పిడికెడు మన్ను వేసినవాణ్ణి. పచ్చని మొక్కను మళ్ళీ గుంటలోకి తోయడానికి మనసు ఒప్పలేదు. త్వరగా ముగిస్తే చాలని పార దూర్చి బలంగా నెట్టాను. ‘పెటుక్’ మని వేరు తెగిన చప్పుడు. ఎవరూ మాట్లాడలేదు. కాసేపటికి ఆవిడ నా భుజంమీద చెయ్యి వేసి, “పూడ్చేటప్పుడు కూడా తొందరపడకూడదు” అన్నది. ఆ రాత్రి, ఆగస్టు నుండి మొదటిసారిగా, నేను ఏడ్చాను.

2019 జనవరి 30న అక్కడ మైనస్ 33 డిగ్రీల సెల్సియస్ చలి పెట్టింది. కిటికీలోంచి చూస్తే పెరడంతా తెలుపు. మొక్కలున్నచోట గుర్తుకు పాతిన రెండు కర్రలు మాత్రం కనబడేవి. ‘అవి ఉన్నాయా?’ అనే ప్రశ్న నాకు గులాబీల గురించి మాత్రమే కాదని దేవునికి తెలుసు. ప్రార్థించబోతే మాటలు రాక చాలా దినాలు ఆ కర్రలనే చూస్తూ కూర్చున్నాను.

మార్చిలో ఇంటికి వచ్చేశాను. ఏప్రిల్ మొదట ఆకులు కొంచెం కొంచెంగా తీసి, మూడవ వారంలో మొక్కలను లేపి నిలబెట్టారు. ఏప్రిల్ 21 ఈస్టరు. తెల్లవారుజామున సమాధుల తోటలో ఆరాధన ముగించుకుని వచ్చేసరికి అమ్మాయి ఫోను. “నాన్నగారూ, లింకన్ బెరడు గోటితో గీరి చూశాను. లోపల పచ్చగా ఉంది!” పీస్ కొమ్మలు నల్లబడ్డాయని నెమ్మదిగా చెప్పింది. తర్వాత దాని అంటుకు కిందినుండి ఒక చిగురు వచ్చిందిగాని అది మొండి వేరుదే, అమ్మ నాటిన పూవుది కాదు.

జూన్‌లో లింకన్ పూసింది. పీస్ ఉన్నచోట అమ్మాయి మరో పీస్ మొక్క తెచ్చి నాటింది. అక్టోబరులో దానిని తానే ఒరిగించిందట, మెల్లగా.

భూమిలో పడిన గోధుమగింజను గూర్చి ప్రభువు చెప్పిన మాట (యోహాను 12:24) నేను ఎన్నోసార్లు ప్రసంగాల్లో విన్నాను. అవతల ఫలమున్నదని నమ్మినవాడు మట్టిని మెల్లగా కప్పుతాడని మాత్రం ఆ పెరట్లోనే నేర్చుకున్నాను. ఈ ఏడు మీ ఇంట ఎవరినైనా మట్టికి అప్పగించి ఉంటే, ప్రియులారా, దుఃఖాన్ని తొందరపెట్టకండి. ఆకులు తీసే వేళ తోటమాలికి తెలుసు.