ముప్పై కిలోమీటర్ల వలస

మొన్న డాబా మీద వడియాలు పెడుతుంటే డిగ్రీ చదివే మా అమ్మాయి జాగ్రఫీ పుస్తకం పట్టుకొచ్చి, "అమ్మా, నువ్వూ వలస వచ్చినదానివే, తెలుసా?" అంది. వలసంటే డాలస్‌లో ఉన్న మా తమ్ముడే అనుకునేదాన్ని ఇన్నాళ్ళూ. నా పుట్టిల్లు పర్చూరు దగ్గర పల్లె, మెట్టినిల్లు చిలకలూరిపేట పక్కన. ముప్పై కిలోమీటర్లు. ఇదేం వలసే అన్నాను.

రావెన్‌స్టైన్ అని ఒకాయన బ్రిటన్ జనాభా లెక్కలు చూసి 1885లో వలస సూత్రాలు రాశాడట. ఎక్కువమంది వెళ్ళేది దగ్గర ఊళ్ళకేనట, అందులోనూ ఆడవాళ్ళే ఎక్కువట. అక్కడివాళ్ళు ఇళ్ళలో పనికీ, మిల్లులకీ వెళ్ళారు. మన 2011 లెక్కల్లో ఊరు మారినవాళ్ళు 45 కోట్ల పైమాటే, కారణాల్లో మొదటిది పెళ్ళి. ఆ లెక్కంతా దాదాపు మనదేనండీ. పసుపు కుంకుమలిచ్చి సాగనంపుతారు కాబట్టి ఎవరూ వలస అనరు.

ప్రతి ప్రవాహానికీ ఎదురు ప్రవాహం ఉంటుందని కూడా ఆయనే అన్నాడు. మా మిరప కోతలకి కర్నూలు జిల్లా కోసిగి వైపు నుంచి కూలీలొస్తారు. పొలం పక్కనే పట్టాల గుడారాలు, పిల్లలకి బడి ఉండదు. ఉగాదికి మూటలు కట్టుకుని వెళ్ళిపోతారు. కిందటేడు వాళ్ళలో ఒకామె, "నువ్వెప్పుడు పోతావక్కా మీ ఊరికి?" అనడిగింది. నవ్వేసి ఊరుకున్నాను.

అక్కడ మా అమ్మ ఒక్కతే ఉంటోంది. మన రాష్ట్రంలో ఆడమనిషికి సగటున పిల్లలు 1.7కి తగ్గారని, జనాభా నిలబడాలంటే 2.1 ఉండాలని చెబుతున్నారు. ఇద్దరికి మించి పిల్లలుంటే పంచాయతీ ఎన్నికలకి పనికిరారన్న నిబంధనా 2024లో ఎత్తేశారు. మా అమ్మకి ఇద్దరం ఉన్నాం. పోయిన నెల రాత్రిపూట కాలు జారి పడితే లేపి కూర్చోబెట్టింది పక్కింటావిడ. నాకు మర్నాడు సాయంత్రం తెలిసింది. "నీకు కోతల పనులు కదా" అంది అమ్మ.

ఇక్కడికి రమ్మంటే "అల్లుడింట్లో ఎన్నాళ్ళుండనే" అంటుంది. ఇంక నేనే వెళ్ళాలి. నెల్లాళ్ళు ఉండి వస్తానంటే ఈయన పేపరు దించి, "మరి ఇంట్లో?" అన్నారు. ఇరవై రెండేళ్ళలో నేను పుట్టింట్లో పది రోజులకి మించి ఉన్నది పురిటికే.

బుధవారం పొద్దున బస్సుకి వెళ్తున్నాను. వడియాలు ఇంకో రెండు ఎండలు తగలనిచ్చి డబ్బాలో పోయమని అమ్మాయికి చెప్పాను.