దూరం, నిప్పు, కాలేయం

మా పావగడ తాలూకా ఉన్నది కర్ణాటకంలో. చుట్టూ చాలామట్టుకు ఆంధ్రదేశం. ఇంట్లో మాట తెలుగు. పెద్ద జబ్బు వస్తే సుమారు 150 కిలోమీటర్లు బెంగుళూరు పోవలసిందే. అందువలన వైద్యంలో ఏ కొత్త వచ్చినా మేము మొదట అడిగేది, ఇది దూరాన్ని తగ్గిస్తుందా అని.

కాలేయ మార్పిడికి ఇన్నాళ్లూ దూరమే శత్రువు. అమెరికాలో థామస్ స్టార్జల్ 1963లో ప్రయత్నించగా 1967లో విజయం చేకూరింది. తీసిన కాలేయాన్ని మంచులో పెట్టి మోయడమే నాటినుండి వాడుక. అది మన అమ్మలు రాత్రి పొయ్యిలో నిప్పుకు నివురు కప్పడం వంటిది. తెల్లవారి ఊదితే రాజుకోవచ్చు, ఆరిపోయి ఉండనూ వచ్చు. 12 గంటలు దాటితే భయమే. కొవ్వు పట్టిన కాలేయం అంతమాత్రం కూడా ఓర్చుకోదు.

ఆ నిప్పేమిటో కనుగొన్నవారిలో తెలుగువారొకరు ఉన్నారు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు 1929లో హార్వర్డులో ఫిస్కేతో కలిసి, జీవకణాలకు శక్తినిచ్చే ఏ.టి.పి.ని గుర్తించారు. మంచులో కాలేయానికి తరిగిపోయేది అదే.

ఆక్స్‌ఫర్డులో పీటర్ ఫ్రెండ్, కాన్‌స్టాంటిన్ కూసియోస్ అనేవారు రూపొందించిన యంత్రం ఆ నిప్పును ఆరనివ్వదు. 37 డిగ్రీల వేడిలో, ప్రాణవాయువు కలిపిన నెత్తురును పంపుతో కాలేయంలోకి పోనిస్తుంది. దేహం వెలుపలనే కాలేయం పైత్యరసం ఊరుస్తుంది! పనిచేస్తున్నదీ లేనిదీ వైద్యులు అమర్చకముందే చూసుకోవచ్చు. 2013లో లండను కింగ్స్ కాలేజి ఆసుపత్రిలో ఇటువంటి కాలేయాన్ని తొలిసారి మనిషికి అమర్చారు. 2018లో వెలువడిన 220 మార్పిడుల పరిశీలనలో, పారవేయవలసి వచ్చిన కాలేయాలు సగానికి తగ్గాయి. నిలువ కాలం సగానికి పైగా పెరిగింది. రోగుల ఆయుష్షులో మాత్రం తేడా కనబడలేదు, అదీ చెప్పుకోవాలి. 2021లో జూరిక్ వైద్యులు 3 రోజులు యంత్రంలో ఉంచిన కాలేయాన్ని ఒక రోగికి అమర్చారు.

యంత్రం గంటలను పెంచగలదు గాని కాలేయాన్ని ఇవ్వలేదు. ఇవ్వవలసింది, మెదడు ఆగి గుండె మాత్రం కొట్టుకుంటున్న బిడ్డ మంచం పక్కన నిలిచిన కుటుంబం. దేహం నిండుగా కాటికి పోవాలనే పట్టింపు మనవారిలో కద్దు. దాన్ని మేము ఎగతాళి చేయము. మా ఇళ్లలోనూ ఉంది. కాని ఆ మాట ఆసుపత్రి వరండాలో మొదటిసారిగా వినవలసిన మాట కాదు. అంతటి దుఃఖంలో ఎవరికి ఆలోచన సాగుతుంది?

కర్ణాటకంలో జీవసార్థకతె, తెలుగు రాష్ట్రాలలో జీవన్‌దాన్ ఈ పని చూస్తున్నాయి. సరిహద్దుకు ఇటు మేము, అటు మా వియ్యాలవారు. ఎవరు ఎక్కడ పేరు వ్రాయించుకున్నా, ఇంటివారికి తెలిసి ఉండాలి. చివరకు ఔననవలసింది వారే గదా. వచ్చే ఉగాదికి అందరం ఒకచోట చేరినప్పుడు, భోజనాలయ్యాక ఈ మాట ఎత్తదలచాము. పాఠకులూ తమ ఇళ్లలో ఎత్తుతారని ఆశిస్తాము.