పాత సామానుకు వేయబోయిన కంప్యూటరు

మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూలు పోయే బస్సు నన్ను బిజినేపల్లిలో దింపేసరికి పదకొండు దాటింది. జేబులో ఒక పెన్‌డ్రైవ్. అందులో 2025 సెప్టెంబరులో వచ్చిన లినక్స్ మింట్ 22.2 ఆపరేటింగ్ సిస్టమ్, తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం. తన ఇంట్లో రెండు పాత కంప్యూటర్లున్నాయి, పాత సామానుకు వేసే ముందు చూసిపొమ్మని పెద్దనాయిన ఫోన్ చేశాడు.

ఆయన రిటైరైన తెలుగు పండితుడు. డెస్క్‌టాప్‌లో కోర్ టూ డుయో ప్రాసెసరు, 2 జీబీ ర్యామ్, విండోస్ 7. ఆ విండోస్‌కు 2020 జనవరి 14తో మద్దతు ఆగింది. 2023 నుంచి కొత్త క్రోమ్ కూడా రావడం లేదు. విండోస్ 11 అడిగే టీపీఎం 2.0 భద్రతా చిప్ ఈ బోర్డు మీద లేనే లేదు.

"మిషిన్ నడుస్తనే ఉంది గద బిడ్డా, పనికిరాదని ఎందుకంటరు?"

ఆ ప్రశ్న న్యాయమైనదే. హార్డ్‌డిస్కు జోలికి పోకుండా పెన్‌డ్రైవ్ నుంచే మింట్ నడిపి చూపించాను. తెర వచ్చేందుకు నాలుగు నిమిషాలు పట్టింది. శబ్దం, ఇంటర్నెట్ రెండూ పనిచేశాయి. అప్పుడు ఆయన ఫైళ్లన్నీ వేరే డిస్కులోకి తీసి, ఎవరో వాడి తీసేసిన ర్యామ్ వేసి 4 జీబీ చేసి, మింట్ ఎక్కించాను. ఖాళీగా ఉన్నప్పుడు 700 ఎంబీ చిల్లర ర్యామ్ వాడుతోంది. మెనూలు కొంత తెలుగు, కొంత ఇంగ్లిషు. పోతన, వేమన ఫాంట్లు దించి, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు పెట్టాను. లిబ్రేఆఫీస్‌లో పెద్దనాయిన మొదట కొట్టిన మాట 'పాలెం వెంకన్న', పక్క ఊరి దేవుడి పేరు.

చిక్కు ఆయన పాత వ్యాసాలతో వచ్చింది. తెరిస్తే అర్థం లేని ఇంగ్లిషు గుర్తులు. ఆయన ముఖం వాడిపోయింది. అవి డీటీపీ ఫాంట్లలో కొట్టినవి; ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో తెలుగు ఆకారాలను కూర్చిన ఫాంట్లు. ఫాంటు లేకపోతే కింది ఇంగ్లిషే కనిపిస్తుంది. యూనికోడ్‌లోకి మార్చే పని ఇద్దరం మొదలుపెట్టాం. సాయంత్రానికి మూడు వ్యాసాలయ్యాయి. మన పల్లెల్లో ఎందరి రాతలు ఇలా పాత పెట్టెల్లో చిక్కుకున్నాయో తలుచుకుంటే బాధేస్తుంది. తెలుగు తెరతో లినక్స్ తయారుచేసి పంచిన హైదరాబాదు 'స్వేచ్ఛ' సంస్థ కార్యకర్తల శ్రమ విలువ ఆ పూట నాకు బాగా తెలిసింది.

రెండోది చిన్న ల్యాప్‌టాప్, 32 బిట్, 1 జీబీ ర్యామ్. మింట్ 22 దానికి ఎక్కదు. డెబియన్ అనే మరో లినక్స్ కూడా 2025 ఆగస్టులో వచ్చిన 13వ వెర్షన్ నుంచి 32 బిట్ ఇన్‌స్టాలర్ ఇవ్వడం మానేసింది. యాంటీఎక్స్ అనే తేలికైన లినక్స్ వేశాను. రాసుకోవడానికి చాలు, బ్రౌజరు మాత్రం మోయలేదు. పాత లేజర్ ప్రింటరు ఎంత ప్రయత్నించినా కదల్లేదు. ప్రింట్లకు బజారుకు పోవాల్సిందే.

విండోస్ 10కి కూడా 2025 అక్టోబరు 14తో మద్దతు ముగిసింది. మీ ఇంట్లో అలాంటి పెట్టె ఉంటే అమ్మేయకండి. ముందు మీ రాతలు, ఫొటోలు వేరే చోట దాచుకోండి. తర్వాత ఒక పూట పెన్‌డ్రైవ్ పెట్టి నడిపి చూడండి.