మా ముత్తాత నీరటి

వంశవృక్షం రాసుకునేవాళ్లు తాతల పేర్ల దగ్గరే ఆగిపోకండి, వాళ్లు ఏం పని చేశారో కూడా వెతకండి. 1954-55 నాటి భూమి రికార్డు ఖాస్రా పహాణీలో మా ముత్తాత పేరు మీద నీరటి ఇనాం కనబడింది. నీరటి అంటే ఏం పనని ఊళ్లో పెద్దవాళ్లను అడిగాను.

చెరువు తూము తెరవడం, మూయడం, ఏ మడికి ఎంతసేపు నీళ్లు పారాలో చూడడం, చిట్టచివరి పొలం ఎండకుండా కాపాడడం ఆయన పని. ముసురు పట్టిన రాత్రుళ్లు కట్ట మీదే కాపలా. బుంగ పడితే ఊరే మునుగుతుంది కదా! ప్రతిఫలం కల్లాల దగ్గర కొలిచిన ధాన్యం, ఆ కాస్త ఇనాం భూమి.

చదువు రాదని ఇంట్లో ఆయన్ని చిన్నచూపు చూశారు. చెరువులో నీళ్లు చూసి ఎన్నెకరాలు పండుతాయో చెప్పగలిగిన మనిషాయన!

మీ పాత భూమి కాగితాల్లో ఫసలీ (రెవెన్యూ) సంవత్సరం ఉంటే దానికి 590 కలపండి, సుమారుగా ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది.