ఫ్యూజెందుకు పోలేదు మేడం?

మా వైపు కరెంటు "కొట్టింది" అనడం తక్కువ. "పట్టుకుంది" అంటారు. చిన్నప్పుడు తల్లాడలో మా ఇంటి చుట్టుపక్కల ఆ మాట విన్నప్పుడల్లా కరెంటు కూడా ఒక మనిషి లాంటిదేననీ, చెయ్యి పట్టుకుంటే వదలదనీ అనుకునేదాన్ని. పెద్దయ్యాక ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివాను. పదకొండేళ్ళు హైస్కూల్లో ఓం నియమం చెప్పాను. అయినా ఆ మాటలో ఉన్న శాస్త్రం నాకు తట్టలేదు. తట్టేసరికి నా క్లాసులో ఒక పిల్లకి తల్లి లేకుండా పోయింది.

తల్లాడ ఖమ్మం నుంచి సత్తుపల్లి పోయే దారిలో ఉంటుంది. అక్కడే ఏన్కూరు, జూలూరుపాడు మీదుగా కొత్తగూడేనికి మరో రోడ్డు చీలుతుంది. ఆ రోడ్డు పట్టుకుంటే పొలాలు వెనకబడి అడవి మొదలవుతుంది. మాకు కరెంటు కూడా ఆ దిక్కునుంచే వచ్చేదని చెప్పుకునేవాళ్ళు. సింగరేణి బొగ్గు, కిన్నెరసాని నీళ్ళు, పాల్వంచ థర్మల్ స్టేషను. 1966లో మొదలైన పాత యూనిట్లు మూతబడ్డాయి. వాటి కూలింగ్ టవర్లను 2024 ఆగస్టులో కూల్చేశారు. భద్రాచలం బస్సులో పోతూ ఆ టవర్లు కనిపించగానే మా అమ్మ, "మన కరెంటు అక్కడ వండుతారు" అనేది. నాన్న నవ్వేవాడు. ఇప్పుడాలోచిస్తే అంతకన్నా సరైన మాట లేదు. పొయ్యి వెలిగించడం, నీళ్ళు మరిగించడం, ఆవిరితో టర్బైను తిప్పడం. అమ్మకి తెలిసిన పనిలో ఆఖరిది తప్ప అన్నీ ఉన్నాయి.

నేను ఇంటర్లో ఎంపీసీ తీసుకుంటానంటే ఇంట్లో వారం రోజులు గొడవ. ఆడపిల్లకి బైపీసీ చాలన్నారు. గెలిచి చేరాను కానీ ప్రాక్టికల్స్‌లో గెలవలేదు. ఒక్కో ప్రయోగానికి నలుగురం. బ్యాటరీకి, రియోస్టాట్‌కి, అమ్మీటరుకి తీగలు కలిపేది అబ్బాయిలు. రీడింగులు రాసుకుని గ్రాఫు అందంగా గీసేది మేము. మా రికార్డులకే ఎక్కువ మార్కులొచ్చేవి. దాన్ని మా గొప్ప అనుకున్నాం. అలా ఒక్క తీగా బిగించకుండానే నేను విద్యుత్తులో మంచి మార్కులు తెచ్చుకున్నాను. పెళ్ళయ్యాక ఇంట్లో ఫ్యూజు పోతే మా ఆయన వచ్చేదాకా చీకట్లో కూర్చునేదాన్ని. ఆయన కామర్స్ చదివాడు.

టీచరుగా నేను తల్లాడకి దగ్గర్లోని ఒక ఊళ్ళో పనిచేస్తున్నప్పటి సంగతి ఇది. తొమ్మిదో తరగతిలో "పని" పాఠం. బలం ప్రయోగించినా వస్తువు కదలకపోతే పని శూన్యం. బలానికి లంబదిశలో కదిలినా పని శూన్యమే. నెత్తి మీద పెట్టె మోస్తూ ప్లాట్‌ఫారం మీద నడిచే కూలీ గురుత్వ బలానికి వ్యతిరేకంగా ఏ పనీ చేయనట్టే అని ఎప్పుడూ చెప్పే ఉదాహరణ చెప్పాను. మూడో బెంచీలోంచి ఒక పిల్ల లేచింది.

"మా అమ్మ బోరింగు కాడినుంచి రెండు బిందెలు తెస్తది మేడం. నెత్తి మీదొకటి, చంకలొకటి. అది పని కాదా?"

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. "పరీక్షలో మాత్రం పని సున్నా అనే రాయాలి" అన్నాను.

చెప్పాల్సింది చాలా ఉంది. పదిహేను కిలోల బిందెను నేల మీంచి నెత్తికెత్తడానికే దాదాపు 220 జౌళ్ళ పని అవుతుందని చెప్పొచ్చు. బిందె కదలకపోయినా దాన్ని నిలబెట్టి ఉంచడానికి మెడ కండరాల్లోని పోగులు క్షణక్షణం బిగుస్తూ వదులవుతూ తిన్న తిండిని వేడిగా ఖర్చు చేస్తూనే ఉంటాయనీ చెప్పొచ్చు. భౌతికశాస్త్రంలో "పని" ఒక పారిభాషిక పదం, దానికి లోకంలోని పనితో పేచీ లేదు. ఆ తేడా విడమర్చి చెప్పకుండా వదిలేశాను కాబట్టి ఆ పిల్లకి మిగిలింది ఒక్కటే, అమ్మ చేసేది పని కాదని మేడం అన్నారు. ఆ మాట ఆమె ఇంట్లో అంతకుముందే విని ఉంటుంది. 2019లో ప్రభుత్వం దేశవ్యాప్తంగా చేసిన సమయ వినియోగ సర్వేలో ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకు సగటున 299 నిమిషాలు, చేసే మగవాళ్ళు 97 నిమిషాలు దానిమీద పెడుతున్నారని తేలింది. ఆ 299 నిమిషాల్ని జౌళ్ళలో లెక్కగట్టమని పిల్లలకి హోంవర్కు ఇవ్వాలని ఇప్పుడనిపిస్తుంది.

(శక్తి పాఠంలో చెప్పని పేరు ఇంకొకటుంది. వేగం రెట్టింపయితే గతిజశక్తి నాలుగింతలవుతుందని చెబుతాం. ఇది తేలక ముందు న్యూటన్ అనుచరులకీ లైబ్నిజ్ అనుచరులకీ పెద్ద వాదం నడిచింది. డచ్ శాస్త్రవేత్త గ్రావెసాండ్ ఇత్తడి గుండ్లను మెత్తటి బంకమట్టిలో పడేసి చూస్తే, రెట్టింపు వేగంతో పడ్డ గుండు నాలుగింతల లోతుకి దిగింది. ఆ ప్రయోగాన్ని ఆధారం చేసుకుని వేగవర్గం వైపు గట్టిగా వాదించినామె ఎమిలీ దు షాత్లే. న్యూటన్ ప్రిన్సిపియాని ఫ్రెంచిలోకి తెచ్చింది కూడా ఆమే. నలభై రెండేళ్ళ వయసులో గర్భిణిగా ఉండి, పగలూ రాత్రీ కూర్చుని ఆ పని ముగించింది. 1749లో కాన్పయిన కొద్ది రోజులకే చనిపోయింది. అనువాదం 1759లో పూర్తిగా అచ్చయింది. ఎమ్మెస్సీ దాకా నాకు ఒక్కరూ ఆ పేరు చెప్పలేదు. నేనూ ఎవరికీ చెప్పలేదు.)

మరుసటి ఏడాది వానాకాలంలో, బిందెల గురించి అడిగిన ఆ పిల్ల తల్లి చనిపోయింది. పొద్దున్నే బట్టలుతికి దండెం మీద ఆరేస్తుంటే కరెంటు పట్టుకుంది. రేకుల ఇల్లు. మెయిన్ నుంచి ఇంట్లోకి పోయే వైరు రేకు అంచున గాలికి రాసుకుని, పైన ప్లాస్టిక్ తొడుగు అరిగి, రాగి బయటపడింది. రేకుకి ఇనప పైపు, పైపుకి ఇనప తీగ దండెం. వానకి అన్నీ తడిశాయి. భర్త పరుగెత్తుకొచ్చి ఒట్టి చేతులతో లాగబోతే అతన్నీ విసిరికొట్టింది. పక్కింటాయన మెయిన్ ఆపేసేసరికి అయిపోయింది.

స్టార్టరు దగ్గర, ట్రాన్స్‌ఫార్మరు దగ్గర రైతు చనిపోతే మీటింగుల్లోనైనా ఆ మాటొస్తుంది. దండెం దగ్గర చనిపోయినామెకి జిల్లా పేజీలో రెండు లైన్లు. నేను పరామర్శకి వెళ్ళినప్పుడు అక్కడ కూర్చున్న పెద్దమనిషి ఒకాయన, "తడి చేతుల్తో ఎందుకు ముట్టుకోవాలమ్మా" అన్నాడు. ఉతికిన బట్టలు పొడి చేతులతో ఎట్లా ఆరేస్తారో ఆయనెప్పుడూ చేసి చూసినట్టు లేదు.

పెద్దకర్మ అయ్యాక ఆ పిల్ల బడికొచ్చింది. అప్పటికి పదో తరగతి. యాదృచ్ఛికంగా అప్పుడే ఇంటి విద్యుత్ వలయాల పాఠం నడుస్తోంది. తప్పించుకుందామనుకున్నాను, సిలబస్ ఒప్పుకోలేదు. "ఎక్కువ విద్యుత్తు ప్రవహిస్తే ఫ్యూజు తీగ కరిగి ప్రమాదాన్ని నివారిస్తుంది" అని బోర్డు మీద రాసి ఇటు తిరిగాను. ఆ పిల్ల నిలబడి ఉంది.

"మా ఇంట్లో ఫ్యూజెందుకు పోలేదు మేడం?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. నాకు జవాబు తెలియలేదు. రేపు చెబుతానన్నాను.

ఆ రాత్రి వంటగదిలో కూర్చుని ఓం నియమాన్ని మొదటిసారి అవసరం కోసం వాడాను. ఇంటి కరెంటు 230 వోల్టులు. పొడి చర్మానికి నిరోధం వేలల్లో, లక్షల్లో ఉంటుంది. చేతులు తడిసి, కాళ్ళకి చెప్పుల్లేకుండా బురదలో నిలబడితే వెయ్యి ఓములకు పడిపోవచ్చు. 230ని వెయ్యితో భాగిస్తే 0.23 ఆంపియర్. గుండె లయ తప్పడానికి 0.1 ఆంపియరే చాలు. ఆ ఇంట్లోలాంటి ఫ్యూజు కరగాలంటే కనీసం ఐదు ఆంపియర్లకు పైన కావాలి. ఇంట్లో తిరిగే సీలింగు ఫ్యాను 0.3 ఆంపియర్ లాగుతుంది. అంటే ఆమె ఒంట్లోంచి పోయిన కరెంటు ఒక ఫ్యాను తీసుకునేంత కూడా కాదు. ఫ్యూజుకి సంబంధించినంతవరకు ఆ ఇంట్లో ఏమీ జరగలేదు. ఫ్యూజు ఉన్నది తీగలు కాలిపోకుండా కాపాడటానికి. మనిషిని కాపాడే పరికరం వేరే ఉంది. పోయిన కరెంటుకీ తిరిగొచ్చిన కరెంటుకీ 0.03 ఆంపియర్ తేడా వస్తే చాలు, అది క్షణంలో ఆపేస్తుంది. రేకుకి, పైపుకి సరైన ఎర్తింగ్ ఉన్నా ఎక్కువ కరెంటు ఆ దారిన నేలలోకి పోయి ఫ్యూజు ముందే ఎగిరిపోయి ఉండేది. ఆ ఇంట్లో రెండూ లేవు.

"పట్టుకుంది" అన్న మాటా ఆ రాత్రే అర్థమైంది. 0.01 ఆంపియర్ దాటిందంటే చేతి కండరాలు బిగుసుకుంటాయి. వేళ్ళను ముడిచే కండరాలు చాచే కండరాలకన్నా బలమైనవి. కాబట్టి చెయ్యి తీగని వదలదు, ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. పట్టుకునేది కరెంటు కాదు, మన చెయ్యే.

మర్నాడు ఈ లెక్కంతా బోర్డు మీద చేశాను. ఆ పిల్ల నోట్సులో రాసుకుంది, ఏడవలేదు. "అయితే ఫ్యూజు మంచిదే మేడం, దాని పని అది చేసింది" అంది. ఆ మాటకి ఇప్పటికీ నా దగ్గర సమాధానం లేదు.

2014 తర్వాత వచ్చిన పదో తరగతి పుస్తకంలో షాక్ గురించి రాశారు. తీగ మీద వాలిన పక్షికి ఎందుకేమీ కాదో కూడా ఉంది. దండెం మాత్రం నాకు కనిపించలేదు.

ఆ నెలలో పిల్లల్ని తమ తమ ఇళ్ళలో దండెం దేనితో కట్టారో, దేనికి కట్టారో చూసి రమ్మన్నాను. సగానికి పైగా ఇళ్ళలో ఇనప తీగే. నాకు కోపమొచ్చింది. ప్లాస్టిక్ తాడు కట్టుకోవడానికి ఏమైందని రెండు మూడిళ్ళకి వెళ్ళి ఉపన్యాసమిచ్చాను. ఒకామె ఓపిగ్గా విని, "కట్టి చూశాం మేడం. తడి చీరలేస్తే నడుమ కుంగుతది. అంచు మట్టికి తగిలితే మళ్ళీ ఎవరు ఉతకాలె?" అంది. ఇంటికొచ్చాక అదీ లెక్క వేశాను. నడుమ ఐదు కిలోల తడిబట్టలున్న తాడు ఐదు డిగ్రీలకు మించి కుంగకూడదంటే రెండు వైపులా దాదాపు ఇరవైతొమ్మిది కిలోల బరువుతో లాగినంత బిగువు కావాలి. అస్సలు కుంగకూడదంటే ఎంత బలమూ చాలదు. నైలాను తాడు సాగుతుంది, ఎండకి పెళుసెక్కుతుంది. ఇనప తీగ సాగదు. బలాల పాఠం నాకన్నా ఆమెకే బాగా తెలుసు. మూర్ఖత్వంతో కాదు, రెండోసారి ఉతకలేక ఆమె ఆ తీగని ఎంచుకుంది.

దానికి ఉపాయం కూడా అక్కడే దొరికింది. మరో ఇంట్లో ఒక ముసలమ్మ తాడు నడుమ వెదురు పంగలకర్ర నిలబెట్టింది. బట్టలేసి కర్రని పైకి నెట్టడం, తీసేటప్పుడు దించడం. కట్టింది రేకుకి కాదు, వేపచెట్టుకీ పాతిన గుంజకీ. "మా అత్త నేర్పింది" అంది. అప్పుడు వాళ్ళ ఊరికి కరెంటే లేదట.

మా పెరట్లోదీ ఇనప తీగే. ఆ ఆదివారం మార్చాను. ఒక టెస్టరు కొనుక్కుని, స్విచ్చుబోర్డు విప్పి, మెయిన్ ఆపి, ఫ్యూజు తీగ నేనే బిగించాను. మా ఆయన కుర్చీ పట్టుకుని నిలబడ్డాడు, నేను నేల మీదే ఉన్నా.

ఆ పిల్ల ఆ తర్వాత వారానికి రెండు మూడు రోజులే బడికొచ్చేది. ఇంట్లో బట్టలుతికేదీ ఆరేసేదీ ఇప్పుడు తనే. పరీక్షల ముందు ఒకరోజు స్టాఫ్ రూమ్‌కి వచ్చి, మా రేకు చూసుకోవాలి మేడం అని నా టెస్టరు అడిగింది. దాన్ని ఎట్లా పట్టుకోవాలో, చెయ్యి ఎందుకు పొడిగా ఉండాలో, వెలగనంత మాత్రాన ఎందుకు నమ్మకూడదో చెప్పి ఇచ్చాను. తిరిగి తేలేదు. నేను ఇంకోటి కొనుక్కున్నాను.