గోడ మీద లేజర్ చుక్కలు

మన బందరులో 1926లో పుట్టిన ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్‌లో కలిసింది. సైనికులు రాత్రిపూట చూసే పరికరాలు అక్కడ తయారవుతాయి. బెజవాడకు 70 కిలోమీటర్లే! మేమేమో కాంతి పాఠం ల్యాబు లేకుండానే చదివాం.

అయినా ఒక పాత సీడీ చాలు. దానిపై టార్చి వేస్తే గోడ మీద హరివిల్లు పరుచుకుంటుంది. ఎర్ర లేజర్ వేస్తే విడివిడి చుక్కలే (కళ్లలో పడనీయకండి తమ్ముళ్లూ). లేజర్‌ది ఒకే తరంగదైర్ఘ్యం కనుక 1.6 మైక్రాన్ల ఎడంతో ఉన్న సీడీ గాళ్లు దాన్ని కొన్ని దిక్కులకే వంచుతాయి.

శత్రువు లేజర్‌ను పసిగట్టే కొన్ని పరికరాల్లో సీడీకి బదులు హోలోగ్రామ్ ఉంటుంది. ఎండ రంగులుగా చెదిరి పలచబడుతుంది, లేజర్ చుక్కలుగా నిలుస్తుంది. ట్యాంకు దూరం కొలిచే 1.06 మైక్రాన్ల లేజర్ కంటికి ఆనదు. మన ఊళ్ల నుంచి సైన్యంలో చేరిన అన్నలకు ఆ హెచ్చరిక అందితేనే తప్పుకునే వ్యవధి.

మెస్ హాలు గోడ మీద ఇది చూపిస్తుంటే ఎనిమిదో తరగతి తమ్ముడొకడు అడిగాడు: "అన్నా, శత్రువు రంగు మారిస్తే?" ఆకుపచ్చ పాయింటర్ వేశాం. చుక్కలు దగ్గరకు జరిగాయి. నడిమి చుక్క దిక్కు చెబుతుంది, పక్క చుక్కల ఎడం రంగు చెబుతుంది.