తిరిగి తిరిగి చిక్కిపోయిన పెట్టె

పిల్లలూ! ఇది చదవబోయే ముందు ఒక చిన్న పని చెయ్యండి. ఎనిమిది శనగగింజలు రాత్రి నీళ్ళలో నానబెట్టండి. తెల్లవారి చీపురుపుల్లలు విరిచి, ఒకే పొడుగుగల ముక్కలు పన్నెండు తయారు చేసి, వాటి కొనలను శనగల్లో గుచ్చి పెట్టెలాగా నిలబెట్టండి. ఎనిమిది మూలలు, పన్నెండు అంచులు. లెక్కల పుస్తకంలో దీన్నే ఘనం అంటారు. అది మీ ఎదుట ఉంటే నేను చెప్పబోయేది సులువుగా బోధపడుతుంది.

నేను తొమ్మిదో తరగతి చదివే రోజుల్లో, అనగా 1993లో, మా బడికి రెండు కంప్యూటర్లు వచ్చాయి. మా వంతు శనివారం నాడు ఒక గంట. ఒక్కొక్క యంత్రం ముందు ఇద్దరు కూర్చోవాలి. నాకు జతగా కూర్చున్నవాడు నా ప్రాణస్నేహితుడు. మేము నేర్చుకున్నది బేసిక్ అనే భాష. కొత్తవాళ్ళకు తేలికగా ఉండాలని అమెరికాలో డార్ట్‌మత్ కాలేజీ అధ్యాపకులు కెమెనీ, కర్ట్జ్ అనేవారు 1964లో దాన్ని తయారు చేశారు. బడి వార్షికోత్సవానికి తెరమీద ఒక ఘనాన్ని గిరగిరా తిప్పి చూపిస్తామని మేమిద్దరం లెక్కల మాస్టారుతో గొప్పగా చెప్పేశాం.

చెప్పటం తేలికే. కాని తెర అనేది పలకలాంటిది. మా తెరమీద అడ్డంగా 320 చుక్కలు, నిలువుగా 200 చుక్కలు. చుక్క పెట్టాలంటే రెండే అంకెలు చెప్పాలి: ఎడమ అంచునుంచి ఎంత, పై అంచునుంచి ఎంత. (అవును, పైనుంచి కిందికే లెక్క! అది తెలియక మొదటి వారం నేను గీసిన ఇల్లు తలకిందులుగా వచ్చింది.) ఘనం మూలకు మటుకు మూడు అంకెలు కావాలి: పక్క, ఎత్తు, లోతు. ఘనం నడిమధ్యను సున్నా అనుకున్నాం. అప్పుడు ప్రతి మూలకూ ఈ మూడూ 50 గాని, మైనస్ 50 గాని అవుతాయి. తెరకు పంపేటప్పుడు లోతును వదిలేసి, పక్కనూ ఎత్తునూ పంపాం. తెరమీద ఒట్టి చదరం కనపడింది! వెనక మూలలన్నీ ముందు మూలల చాటున దాక్కున్నాయి. కాస్త ముందుకు వంచి గీస్తేగాని అది పెట్టె అని తెలియలేదు.

ఇక తిప్పటం. మీ శనగల పెట్టెను బల్లమీద ఉంచి మెల్లగా తిప్పండి. మూలల ఎత్తు మారదు. మారేవి పక్కా, లోతూ మాత్రమే. వాటికి సూత్రం ఇది:

కొత్త పక్క = పాత పక్క × కొసైను − పాత లోతు × సైను
కొత్త లోతు = పాత పక్క × సైను + పాత లోతు × కొసైను

ఈ పేర్లు విని బెదరకండి. ఎంత కోణం తిప్పితే పక్కలో ఎంత వాటా, లోతులో ఎంత వాటా పోతుందో చెప్పే అంకెలివి. 499 ప్రాంతంలో రాసిన ఆర్యభటీయంలో వీటి పట్టిక ఉన్నది. మనవాళ్ళు దాన్ని జ్యా అన్నారు, అనగా వింటినారి. ఆ మాటే అరబ్బులవద్దకు వెళ్ళి, అక్కడినుంచి లాటిన్‌లోకి వెళ్ళి, రూపు మారి, సైను అయి మళ్ళీ మన బడికి వచ్చింది!

నేను కాగితం చూసి చెబుతుంటే వాడు మీటలు నొక్కాడు. విడతకు 5 డిగ్రీల చొప్పున 72 విడతలు తిప్పితే ఒక చుట్టు. ఘనం తిరిగింది! కాని ఒక చుట్టు పూర్తి అయ్యేసరికి దాని వెడల్పు సుమారు ముప్పావుకు తగ్గింది. ఎత్తు మటుకు తగ్గలేదు. పది చుట్లు తిరిగేసరికి నూరు చుక్కల వెడల్పుగల పెట్టె ఆరు చుక్కలకు చిక్కిపోయి, తెరమధ్య గెడకర్రలాగా నిలబడింది.

"నువ్వేదో తప్పు కొట్టావు," అన్నాను.

"నువ్వు చెప్పిందే కొట్టాను," అన్నాడు వాడు.

మాటా మాటా పెరిగింది. వాడికి చెయ్యి నిలకడలేదనీ, వాడితో జత కట్టటం నాదే బుద్ధి తక్కువనీ అందరి ఎదుటా అన్నాను. వారం రోజులు మా ఇద్దరికీ మాటలు లేవు.

శుక్రవారం సాయంత్రం వాడు శనగల పెట్టె పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. నావంక చూడకుండానే అరుగుమీద కూర్చుని, సుద్దముక్కతో గీతలు గీశాడు. "5 డిగ్రీలు చేతితో కట్టలేం. పావు చుట్టు తిప్పుదాం. అప్పుడు సైను ఒకటి, కొసైను సున్నా," అన్నాడు.

క అనే మూలకు పక్క 50, లోతు 50. కొత్త పక్క మైనస్ 50. సరే. కొత్త లోతు? పాత పక్కను ఒకటితో గుణించాలి, అనగా 50 రావాలి. కాని నా కాగితంలో కొత్త పక్కకూ పాత పక్కకూ ఒకే పేరు పెట్టాను! కొత్త అంకె వచ్చి కూర్చోగానే పాతది చెరిగిపోయింది. యంత్రం పాపం ఉన్నదాన్నే తీసుకుని మైనస్ 50 అన్నది. పక్కనున్న గ మూలకు పక్క మైనస్ 50, లోతు 50. దానికి కూడా లెక్క కడితే రెండూ మైనస్ 50 వచ్చాయి. చూశారా? రెండు శనగలు వచ్చి ఒకే చోట కూర్చున్నాయి!

కిరాణాకొట్టు పలకమీద పాత బాకీ చెరిపి కొత్త బాకీ రాసేశాక, పాత బాకీకి వడ్డీ ఎంత అని అడిగితే కొట్టువాడు ఏం చేస్తాడు? కనపడే అంకెకే కడతాడు. మా యంత్రమూ అదే చేసింది. కోణం చిన్నది గనక తప్పు కూడా విడతకు కొంచెమే, కంటికి ఆనదు. కాని చుట్టుకు 72 సార్లు ఆ కొంచెమూ పోగైంది. కొత్త పక్కను వేరే పేరుతో దాచి, లోతు లెక్క అయ్యాక పాతదాని స్థానంలో పెడితే సరిపోతుంది. ఇప్పుడు మీ బడిలో ఏ భాష నేర్పినా సరే, ఈ జాగ్రత్త తప్పదు.

తప్పు నాదే. ఆ మాట అనటానికి నాకు చాలాసేపు నోరు రాలేదు. చివరకు అన్నాను. వాడు "సరేలే" అని, పెట్టెలోంచి గ శనగ పీకి నోట్లో వేసుకున్నాడు.

మర్నాడు ఘనం చిక్కకుండా తిరిగింది. వెంటనే ఇంకో తగాదా! అది కుడికి తిరుగుతున్నదని నేను, ఎడమకని వాడు. మాస్టారు నవ్వి, ఇద్దరిదీ నిజమే అన్నారు. లోతు చెప్పని గీతల పెట్టెలో ఏది ముందో ఏది వెనకో కన్ను తేల్చుకోలేదట. స్విట్జర్లాండుకు చెందిన నెకర్ అనే శాస్త్రజ్ఞుడు స్ఫటికాల బొమ్మలు చూస్తూ 1832లోనే ఈ వింత గురించి రాశాడు. దూరంతో భాగిస్తే చాలావరకు నయమవుతుందని కూడా మాస్టారు చెప్పారు. కన్ను ఘనం మధ్యకు 200 చుక్కల దూరాన ఉన్నదనుకోండి. ముందు మూల 150 దూరాన, వెనక మూల 250 దూరాన ఉంటాయి. 50ని 200తో గుణించి 150తో భాగిస్తే సుమారు 67, 250తో భాగిస్తే 40. అందుచేత వెనక ముఖం చిన్నదవుతుంది, దూరాన రైలుపట్టాలు దగ్గరపడినట్టు.

అయితే ఆ భాగహారం పెట్టేందుకు మాకు వ్యవధి లేకపోయింది. వార్షికోత్సవం నాడు మా నాన్నగారు తెరముందు నిలబడి, "భలే, కుడికి తిరుగుతున్నదే!" అన్నారు.

"కుడికేమిటండీ? ఎడమకి కదూ!" అన్నది మా అమ్మ.

మేమిద్దరం నోరు మెదపలేదు.